అరటి దుంప పురుగు కోసం చల్లిన పొడి, రెండు దీవుల మట్టి

పోస్టు కాస్త పెద్దది, సాయంత్రం పని ముగించుకుని తీరిగ్గా చదవండి.

అరటి గురించి ఎప్పుడు రాసినా ఇన్‌బాక్సులో ఒకటే ప్రశ్న వస్తుంది: "అన్నా, దుంపలో పురుగు పడింది, మొదట్లో ఏ గుళికలు వెయ్యాలి?" మందు పేరు అడిగిన వాళ్ళకి ఈసారి ఒక చరిత్ర చెబుతాను. ఇదే పురుగుని చంపడానికి ఇదే ప్రశ్న అడిగి, జవాబుగా ఒక పొడి తెచ్చుకున్న రెండు దీవుల చరిత్ర. చివర్లో పురుగు సంగతి కూడా చెబుతాను, కంగారు పడకండి.

ముందు పురుగుని సరిగ్గా గుర్తుపట్టాలి. అరటిలో ముక్కు పురుగులు రెండు రకాలు. ఒకటి బోదె తొలిచేది. అది పడితే బోదె మీద చిన్న రంధ్రాలు కనబడతాయి, వాటిలోంచి జిగురు కారుతుంది, గెల బరువు పడేసరికి బోదె నడుము దగ్గర విరుగుతుంది. రెండోది దుంప తొలిచేది. ఇది పడితే పైకి ఏమీ తెలీదు. ఆకులు చిన్నవవుతాయి, చెట్టు నీరసంగా ఉంటుంది, గెల సన్నబడుతుంది. మనం ఎరువు చాలలేదేమో అనుకుంటాం. ఒక రోజు గాలి వేస్తే చెట్టు వేళ్ళతో సహా ఒరిగిపోతుంది. తప్పంతా గాలి మీదకి పోతుంది. ఒరిగిన చెట్టు దుంపని కత్తితో అడ్డంగా కోసి చూడండి. నల్లబడ్డ సొరంగాలు, లోపల కాళ్ళు లేని తెల్లటి పిల్లపురుగు, దానికి గోధుమరంగు తల. అవి కనబడితే పురుగే, గాలి కాదు.

పెద్ద పురుగు నల్లగా అర అంగుళం ఉంటుంది, ముందు తొండంలాంటి ముక్కు. పగలు దాక్కుంటుంది, రాత్రి తిరుగుతుంది. ముట్టుకుంటే చచ్చినట్టు నటిస్తుంది. రెక్కలున్నా ఎగరడం చాలా అరుదు. గుడ్లు కూడా తక్కువే, వారానికి ఒకటో రెండో. కానీ ఆయుష్షు ఎక్కువ, రెండేళ్ళు కూడా బతుకుతుంది. ఎగరనిది, గుడ్లు తక్కువ పెట్టేది, ప్రపంచంలో అరటి ఉన్న ప్రతి దేశానికీ దాదాపుగా ఎలా చేరింది? మనుషులే మోశారు. పిలక తవ్వి పట్టుకెళ్ళినప్పుడల్లా దుంపలో పురుగు కూడా వెళ్ళింది. ఆగ్నేయాసియా వైపు పుట్టిన పురుగు ఇది. 1824లో జెర్మార్ అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని శాస్త్రానికి ఎక్కించాడు. దీనికి తర్వాత వచ్చిన పేరు కాస్మోపొలైటిస్, అంటే లోకమంతా తన ఊరే అనుకునే రకం. పెట్టినవాడికి కాస్త హాస్యం ఉన్నట్టుంది.

పాత రోజుల్లో దీన్ని పట్టడానికి మందు లేదు. కోసేసిన అరటి బోదెని నిలువుగా చీల్చి, కోసిన వైపు నేలకి ఆనేలా తోటలో పడేస్తే, రాత్రి ఆ వాసనకి పురుగులు దాని కిందకి చేరతాయి. పొద్దున్నే ఏరి చంపడమే. ఇంకో దారి కూడా ప్రయత్నించారు. ఫిజీ దీవుల్లో అరటికి ఈ బెడద ఎక్కువై, అక్కడి వ్యవసాయ శాఖ కీటక శాస్త్రవేత్త జెప్సన్ 1913 ప్రాంతంలో జావా వెళ్ళి, దీని పిల్లపురుగుల్ని తినే ఒక నల్ల పెంకు పురుగుని తెచ్చాడు. ఆ రోజుల్లోనే మద్రాసు రేవు నుంచి కూలీల ఓడలు ఫిజీకి వెళ్తుండేవి, వాటిలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళు ఎక్కువగా చెరకు తోటలకి పోయారు గానీ, జెప్సన్ పురుగుల డబ్బాలు దింపిన నేల మాత్రం అదే.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక క్లోరిన్ మందులొచ్చాయి. బీహెచ్‌సీ పొడి మీకు తెలుసు, మన పెద్దవాళ్ళు గమాక్సిన్ అనేవారు. నా చిన్నప్పుడు ఇంట్లో ధాన్యం పురి పక్కన కూడా ఆ వాసనే. అదే పొడిని 1950ల నుంచి కరీబియన్ సముద్రంలోని మార్టినిక్, గ్వాడెలూప్ దీవుల్లో అరటి మొదళ్ళలో చల్లారు.

ఈ రెండు దీవులెక్కడివి అంటారా? రెండూ ఫ్రాన్సువి. మన యానాం కూడా ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళదే కదా. యానాం 1954లో మనలో కలిసింది, ఆ దీవులు ఇప్పటికీ ఫ్రాన్సులో భాగమే. బానిసత్వం పోయాక చెరకు తోటలకి కూలీలు కావలసివచ్చి, 1850ల నుంచి మన దక్షిణాది వాళ్ళని కూడా పాండిచ్చేరి, కారైక్కాల్ రేవుల్లో ఓడలెక్కించారు. వాళ్ళ సంతతి ఇంకా అక్కడే ఉంది. తర్వాత చెరకు తగ్గి అరటి పెరిగింది. కొద్దిమంది పెద్ద ఆసాముల చేతిలో వందల ఎకరాలు, పనిచేసేది కూలీలు. పండు మొత్తం ఓడల్లో ఫ్రాన్సుకి పోయేది.

కొన్నేళ్ళకి పురుగు బీహెచ్‌సీకి అలవాటు పడిపోయింది. మన ప్రత్తిలో చూసిన కథే. అప్పుడు కొత్త మందు కోసం చూపు అమెరికా వైపు మళ్ళింది. అక్కడ అలైడ్ కెమికల్ అనే కంపెనీ తయారుచేసే క్లోర్‌డెకోన్, వ్యాపారం పేరు కెపోన్. అమెరికాలో అది చీమలు, బొద్దింకల ఎర డబ్బాల్లో వాడేవారు. ఎక్కువ భాగం మాత్రం అరటి పండించే బయటి దేశాలకి ఎగుమతి అయ్యేది. పది కార్బన్లు పంజరంలా కట్టుకుని, చుట్టూ పది క్లోరిన్లు కాపలా ఉన్న మందు. నీళ్ళకి కరగదు, ఎండకి చావదు, మట్టిలో సూక్ష్మజీవులకి లొంగదు. మందు అమ్మేవాడు దీన్నే "ఎక్కువ రోజులు పనిచేస్తుంది" అంటాడు.

ఫ్రాన్సులో విష పదార్థాల మీద ఒక కమిటీ ఉండేది. ఆ కమిటీ 1968లో ఒకసారి, 1969లో ఇంకోసారి ఈ మందు వద్దంది. అయినా 1972లో వ్యవసాయ శాఖ తాత్కాలిక అనుమతి ఇచ్చింది. అప్పుడు మంత్రి జాక్ షిరాక్, తర్వాత ఆ దేశ అధ్యక్షుడైన ఆయనే. తాత్కాలికం అన్నది ఏళ్ళ తరబడి సాగింది. తాత్కాలిక అనుమతుల సంగతి మనకి తెలియంది కాదు కదండీ, మన పంట కాలవ గట్టు మీద వేసిన తాత్కాలిక షెడ్డులు ముప్పై ఏళ్ళుగా అలాగే ఉన్నాయి.

చెట్టుకి 30 గ్రాముల పొడి, అందులో అసలు విషం 5 శాతమే. లెక్క వేస్తే చెట్టుకి గ్రామున్నర. ఎంత తక్కువో అనిపిస్తుంది. కూలీలు డబ్బాలో పొడి పోసుకుని, చేత్తో తీసి ఒక్కో మొదట్లో చల్లుతూ పోవాలి. చేతికి తొడుగు లేదు, మూతికి గుడ్డ లేదు. చల్లుతున్నవాళ్ళకే మొదట తెలిసింది. 1974 జనవరి, ఫిబ్రవరి నెలల్లో మార్టినిక్ అరటి కూలీలు సమ్మె కట్టారు. కూలి పెంచమన్నారు, దాంతోపాటు ఈ విషపు పొడులు ఆపమన్నారు. ఫిబ్రవరి 14న షాల్వే అనే చోట పోలీసు బలగాలు కాల్పులు జరిపాయి. రెనోర్ ఇల్మాని అనే కూలీ చనిపోయాడు. రెండు రోజుల తర్వాత జార్జ్ మరీ-లూయీ అనే కుర్రాడి శవం సముద్రం ఒడ్డున దొరికింది. కూలి కాస్త పెరిగింది. పొడి ఆగలేదు.

మందు ఎలాంటిదో కూలీలు చెబితే నమ్మని ప్రభుత్వం, ఆ మందు పుట్టిన ఊళ్ళో ఏం జరిగిందో చూసైనా నమ్మి ఉండొచ్చు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో హోప్‌వెల్ అని ఒక ఊరు. అక్కడ అలైడ్ కంపెనీ కోసం ఒక చిన్న ఫ్యాక్టరీ 1974 నుంచి కెపోన్ తయారుచేసింది. పనివాళ్ళకి చేతులు వణకడం, కళ్ళు అదరడం, నడవలేకపోవడం మొదలైంది. ఊళ్ళో ఒక వైద్యుడికి అనుమానం వచ్చి ఒకరి రక్తం పరీక్షకి పంపితే విషం బయటపడింది. 1975 జూలైలో ఫ్యాక్టరీ మూసేశారు. ఆ ఫ్యాక్టరీ నీళ్ళు కలిసిన జేమ్స్ నదిలో చేపలు పట్టడం ఆ ఏడాది చివర్లో నిషేధించారు, ఆంక్షలు పదేళ్ళు దాటి నడిచాయి. కంపెనీకి కోటీ ముప్పై లక్షల డాలర్లకి పైగా జరిమానా పడింది. అమెరికాలో తయారీయే ఆగిపోయింది. ఇదంతా పేపర్లలో వచ్చింది, టీవీల్లో వచ్చింది. దాచిన సంగతి కాదు.

దీవుల్లో గోదాముల్లో ఉన్న సరుకు మాత్రం వాడుతూనే ఉన్నారు. ఫ్రాన్సు ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థ మనుషులే 1977లో ఒకసారి మట్టిలో, నీళ్ళలో ఈ మందు పేరుకుంటోందని చెప్పారు. 1980లో మళ్ళీ ఇంకో నివేదిక, ఈసారి జీవుల ఒంట్లో చేరుతోందని. మధ్యలో 1979 ఆగస్టులో డేవిడ్ తుఫాను, 1980 ఆగస్టులో అలెన్ తుఫాను. అరటి మొత్తం నేలకొరిగింది. మన కోనసీమ వాళ్ళకి ఇది వివరించి చెప్పక్కర్లేదు, 96 నవంబరు తుఫాను తెల్లారి తోటలోకి వెళ్ళి చూసిన వాళ్ళం. పడిపోయిన బోదెలు, కుళ్ళుతున్న దుంపలు పురుగుకి పండగ. ఆసాములు మందు కావాలని ఒత్తిడి చేశారు. 1981లో మళ్ళీ అనుమతి వచ్చింది. అమెరికాలో తయారీ లేదు కాబట్టి బ్రెజిల్‌లో మందు చేయించి, ఫ్రాన్సులో పొడిగా కలిపి, కుర్లోన్ అనే కొత్త పేరుతో దింపారు. పేరు మారితే కొత్త మందు అనుకునే అలవాటు మనకీ ఉంది. డబ్బా మీద వ్యాపారం పేరు పెద్ద అక్షరాలతో, అసలు మందు పేరు చీమ తలకాయంత అక్షరాలతో ఉంటుంది. ఆ చిన్నదే చదవాలి.

1990లో ఫ్రాన్సు నిషేధించింది. ఈ దీవులకి మాత్రం సరుకు అయ్యేదాకా అని పొడిగింపులు ఇచ్చి, 1993లో ఆపింది. మొత్తం మీద దాదాపు 300 టన్నుల అసలు విషం ఆ రెండు చిన్న దీవుల మట్టిలోకి పోయింది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారు. 1999 ప్రాంతంలో గ్వాడెలూప్‌లో తాగునీటి ఊటల్లో క్లోర్‌డెకోన్ బయటపడింది. 2002లో మార్టినిక్ నుంచి వెళ్ళిన చిలగడదుంపల సరుకుని ఫ్రాన్సులోని డన్‌కర్క్ రేవులో పట్టుకున్నారు, అందులోనూ ఇదే మందు. ఆపి తొమ్మిదేళ్ళయింది, చల్లింది అరటికి, దొరికింది చిలగడదుంపలో.

ఈ కథలో నన్ను కుదిపిన విషయం ఇదేనండి. అరటి పండులో విషం దాదాపుగా లేదు. గెల నేలకి అంత ఎత్తులో వేలాడుతుంది, మందు బోదె ఎక్కి అంత పైకి పోదు. ఫ్రాన్సులో ఆ పండు తిన్నవాళ్ళు బాగానే ఉన్నారు. విషం పట్టింది మట్టిని అంటిపెట్టుకుని పెరిగేవాటికి: పెండలం, చేమ, చిలగడదుంప. మట్టి గీరి తినే కోడికి, దాని గుడ్డుకి. ఆ పొలాల్లో మేసిన గొడ్డుకి. వాగుల్లో రొయ్యలకి, ఒడ్డున దొరికే చేపలకి. అంటే డబ్బు చేసే పంట శుభ్రంగా ఓడెక్కి వెళ్ళిపోయింది, ఇంట్లో వండుకునేవన్నీ పాడయ్యాయి. అరటి తీసేసిన నేలలో కూరగాయలు వేసుకున్న చిన్న రైతు ఒక్క గ్రాము చల్లకపోయినా నష్టం ఆయనదే.

ఇప్పుడు మన తోటలు తలుచుకోండి. గోదావరి జిల్లాల్లో అరటిలో, కొబ్బరిలో మనం వేసే అంతర పంటలేమిటి? కంద, చేమ, పసుపు. అన్నీ దుంపలే. అరటి మొదట్లో మనం వేసిన ఏ గుళికైనా రేపు కంద దుంప చుట్టూ ఉండే మట్టిలోనే ఉంటుంది. అరటికి సిఫార్సు చేసిన మందు అని చెప్పేవాడు, తర్వాత అదే నేలలో కంద వేస్తావా అని మనల్ని అడగడు. మా దగ్గర ఒక మందుల షాపాయన్ని నేనే ఆ మాట అడిగితే, "కంద సంగతి కందప్పుడు చూద్దాం" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఆ దీవుల్లో కూడా అందరూ అలాగే అన్నారేమో.

అక్కడి అగ్నిపర్వతం మట్టి ఈ మందుని స్పంజిలా పట్టుకుంటుంది. 2009లో శాస్త్రవేత్తలు లెక్క వేసి, నేల రకాన్ని బట్టి శుభ్రపడడానికి కొన్ని దశాబ్దాల నుంచి ఆరేడు వందల ఏళ్ళ దాకా పడుతుందన్నారు. ఈమధ్య కొందరు అంత కాలం పట్టకపోవచ్చంటున్నారు. 2018లో ప్రకటించిన ప్రభుత్వ సర్వేలో రెండు దీవుల్లో పెద్దవాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా రక్తంలో ఈ మందు ఉంది. 2010లో అచ్చయిన గ్వాడెలూప్ అధ్యయనం ఒకటి, రక్తంలో ఈ మందు ఎక్కువున్న మగవాళ్ళకి ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు కూడా ఎక్కువని చూపించింది. 2021 డిసెంబరులో తోట కూలీలకి వచ్చే ఆ క్యాన్సర్‌ని వృత్తి వల్ల వచ్చిన జబ్బుగా ఫ్రాన్సు ఒప్పుకుంది, షల్వే కాల్పులు జరిగిన 47 ఏళ్ళకి. 2018లోనే అధ్యక్షుడు మాక్రాన్ ఇది పర్యావరణ కుంభకోణం అన్నాడు. 2006లో వేసిన కేసు మాత్రం 2023 జనవరిలో ఎవరినీ విచారించకుండానే కొట్టేశారు. కాలం మించిపోయిందట, అప్పటి శాస్త్ర జ్ఞానంతో రుజువు చెయ్యడం కష్టమట. 1968లో వద్దన్న కమిటీ దగ్గర ఏ జ్ఞానం ఉందో మరి.

కొందరు మిత్రులు వెంటనే అంటారు, "మందు లేకుండా వ్యవసాయం ఎలాగన్నా, నీకేం, ఉపన్యాసం చెప్తావు" అని. నేను మందులకి పూర్తిగా వ్యతిరేకిని కాను. ఆకుమచ్చ తెగులు ముదిరితే నేనూ స్ప్రేయర్ ఎత్తుతాను. కానీ మట్టిలో వేసే మందు వేరు, ఆకు మీద కొట్టే మందు వేరు. ఇవాళ మంచిదన్న మందే రేపు నిషేధంలోకి వెళ్ళడం మనమూ చూశాం. బీహెచ్‌సీ 1997లో పోయింది. మనం అరటి మొదట్లో, చెరకు సాళ్ళలో ఏళ్ళ తరబడి వేసిన ఫోరేట్ గుళికలు 2020 చివరితో నిషేధం. ఇవి క్లోర్‌డెకోన్ అంత కాలం మట్టిలో ఉండేవని అనడం లేదు. ఏ మందు ఎంత కాలం ఉంటుందో అడక్కుండా వేశాం అంటున్నాను, అంతే.

ఆ దీవుల వాళ్ళు ఆ మందు పోయాక అరటి మానేశారా? లేదు. ఇవాళ్టికీ పండిస్తున్నారు, ఎగుమతి చేస్తున్నారు. వాళ్ళు చేసిందేమిటంటే, పాత తోట పూర్తిగా తీసి నేలని కొన్ని నెలలు అరటి లేకుండా ఉంచడం, తర్వాత పురుగు లేని టిష్యూ కల్చర్ మొక్క పెట్టడం, ఎర బుట్టలు పెట్టడం. మగపురుగు తోటివాళ్ళని పిలవడానికి విడిచే వాసన ఒకటుంది, దాన్ని 1995లో ఫ్రెంచి శాస్త్రవేత్తలే గుర్తించి సార్డిడిన్ అని పేరు పెట్టారు. ఆ వాసన బిళ్ళ బుట్టలో వేలాడదీస్తే పురుగులొచ్చి సబ్బు నీళ్ళలో పడతాయి. చీల్చిన బోదె ముక్క చేసే పనే ఇది కూడా, కాస్త బలంగా. తిరిగి తిరిగి పాత పద్ధతి దగ్గరికే వచ్చారు, మధ్యలో మట్టి పోయింది.

ఇప్పుడు మీ ప్రశ్నకి వస్తాను. పురుగు ఎగరదని చెప్పాను కదా, మన బలమంతా అక్కడే ఉంది. మీ తోటలోకి అది వచ్చేది పిలకతోనే. కాబట్టి పురుగున్న తోట నుంచి పిలక చౌకగా వస్తుందని తేవద్దు. కత్తి ఆకు పిలకలే ఎంచుకోండి. దుంప మీద పాత వేళ్ళు, పై పొర కత్తితో చెక్కి తెల్లగా కనబడేదాకా చూడండి. ఒక్క నల్ల సొరంగం కనబడినా ఆ పిలక పారెయ్యండి, గట్టు మీద కాదు, దూరంగా. చెక్కిన పిలకని వెంటనే నాటండి, రాత్రంతా తోటలో వదిలితే చెక్కిన వాసనకి పురుగొచ్చి గుడ్డు పెడుతుంది. ఓపికున్నవాళ్ళు 54 డిగ్రీల వేడి నీళ్ళలో 20 నిమిషాలు ముంచి తీయొచ్చు. థర్మామీటరు తప్పనిసరి, చేత్తో చూసి అంచనా వేస్తే పిలక ఉడుకుతుంది. టిష్యూ కల్చర్ జీ-9 పెట్టేవాళ్ళకి మొక్కతో పురుగు రాదు, కానీ పాత తోట దుంపలు నేలలో ఉంటే అక్కడి నుంచి ఎక్కుతుంది.

గెల కోశాక బోదెని అలాగే నిలబెట్టి వదిలెయ్యడం మన దగ్గర అలవాటు. పిలకకి బలం పోతుందని అంటారు. పురుగు లేని తోటలో అలాగే చెయ్యండి. పురుగున్న తోటలో మాత్రం బోదెని నేలమట్టంగా కోసి, ముక్కలుగా చీల్చి ఎండలో పరవండి. దుంప మీద మట్టి కప్పండి. తడిగా, నీడలో కుళ్ళే బోదెలోనే పురుగు సంతానం పెరుగుతుంది.

ఎర ముక్కలకి అప్పుడే కోసిన బోదె వాడండి, పాతది పనికిరాదు. అడుగున్నర పొడవు కోసి నిలువుగా రెండు చేసి, కోసిన వైపు నేలకి ఆనించి చెట్టు మొదలు పక్కన పెట్టాలి, పైన ఎండుటాకు కప్పాలి. మర్నాడు పొద్దున్నే ఎండ ఎక్కకముందే తిరగేసి చూడాలి. చచ్చినట్టు పడి ఉన్నా నమ్మకండి, ఏరి సబ్బు నీళ్ళ డబ్బాలో వెయ్యండి. వారానికి ముక్క మార్చాలి. ఎకరానికి ఇరవై ముక్కలు పెట్టి, ఒక్కో ముక్క కింద ఎన్ని దొరికాయో చిన్న పుస్తకంలో రాసుకోండి. అంకె తగ్గుతుంటే మీరు గెలుస్తున్నట్టు. నాలుగైదు వారాలు ఏరినా పెరుగుతుంటే కొవ్వూరు అరటి పరిశోధనా స్థానానికి గానీ మీ కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ ఒరిగిన దుంప ఒకటి పట్టుకెళ్ళి చూపించండి. వాళ్ళు ఏదైనా మందు రాసిస్తే, అది మట్టిలో ఎన్ని నెలలుంటుందో, ఆ నేలలో కంద ఎప్పుడు వెయ్యొచ్చో కూడా కాగితం మీద రాయించుకోండి.